రాలేదని చెప్పిన రెండు సోమవారాలు

కామారెడ్డి స్టేషన్ రోడ్డులో ఒక బట్టల దుకాణం మీది అంతస్తులో మా కంప్యూటర్ సెంటర్ ఉండేది. తొంభైల చివరి సంవత్సరాలవి. నాకు ఇరవై మూడేళ్లు. పొద్దున డిగ్రీ పిల్లలకు పాఠాలు చెప్పేదాన్ని, మధ్యాహ్నం నుంచి పెళ్లి పత్రికలూ కరపత్రాలూ టైపు చేసేదాన్ని. సెంటర్ నడిపే సార్ వారానికి రెండుమూడు సార్లు వచ్చి, కంప్యూటర్ల మీద కప్పిన గుడ్డలు సరిగ్గా ఉన్నాయో లేదో చూసి వెళ్లేవాడు. ఆడపిల్లకు అలాంటి ఉద్యోగం మా వీధిలో నాకే మొదట దొరికింది. మా నాన్న దర్జీ. నేను మెట్లెక్కి పనికి పోవడం చూడటానికే ఆయన కొన్నిసార్లు ఆ రోడ్డు మీదుగా వచ్చేవాడని తర్వాత తెలిసింది.

మెట్ల కింద ఒక ఎస్టీడీ బూత్. దాన్ని నడిపే పెద్దమనిషిని ఊరంతా చాచా అనేది. ఆయన పన్నెండేళ్లు దుబాయిలో కరెంటు పని చేసి వచ్చాడు. ఎడమ చెయ్యి మోచేతి దాకా కాలిన మచ్చలు, రెండు వేళ్లు వంగేవి కావు. ఆ చేత్తోనే రిసీవర్ పట్టుకుని కుడిచేత్తో నంబర్లు తిప్పేవాడు. చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్లు భర్తలతో, కొడుకులతో మాట్లాడటానికి ఆయన దగ్గరికే వచ్చేవాళ్లు. మాట్లాడి పోయేవాళ్లు కొందరు. కానీ అవతల ఎవరూ ఎత్తక, ఉత్తరం రాక, మనిషి ఏమయ్యాడో తెలియక వచ్చి బల్ల మీద కూర్చునేవాళ్లు కూడా ఉండేవాళ్లు. వాళ్ల కోసమే చాచా ఒకరోజు మెట్లెక్కి పైకి వచ్చాడు.

"బేటీ, ఆ ఇంటర్నెట్ల పేరు రాస్తే దుబాయిల కనబడ్తదంట, నిజమేనా?"

"కనబడ్తది చాచా. సూసేటోడు ఉండాలె గని."

"సూసేటోళ్లను నేను చూస్త. నువ్వు రాయి."

అలా మొదలైంది మా వెబ్‌సైటు. సార్ స్నేహితుడి తమ్ముడొకడు హైదరాబాదులో ఆ పని నేర్చుకుని ఉన్నాడు. అతనే తయారు చేసి ఇచ్చాడు. నేను అతన్ని అన్న అనేదాన్ని. చూడటానికి చాలా సాదా పేజీ. గల్ఫుకు పోయి జాడ తెలియని మనుషుల పేర్లు, ఊళ్లు, వెళ్లిన దేశం, చివరి ఉత్తరం వచ్చిన నెల. అన్నీ ఇంగ్లిష్ అక్షరాల్లో రాసిన తెలుగు మాటలే. కింద చాచా బూత్ ఫోను నంబరు, దాని కింద ఒక డబ్బా. ఈ మనిషి గురించి తెలిసినవాళ్లు ఆ డబ్బాలో రాసి పంపొచ్చు. దుబాయి పోయే ప్రతి మనిషికీ నేను రాసిచ్చిన ఆ పేజీ చిరునామా చీటీని చాచా జేబులో పెట్టి పంపేవాడు.

మొదట్లో పంపిన మాటలు అందరికీ కనబడేవి. రెండో నెలలో ఎవరో ఒకతని గురించి అక్కడ ఇంకో పెళ్లి చేసుకున్నాడని రాశారు. అది అతని భార్యకంటే ముందు ఆమె ఊరంతా చదివింది. ఆమె వచ్చి చాచా బూత్ ముందు నిలబడి దుమ్మెత్తి పోసింది. ఆ తర్వాత అన్నకు చెప్పి పద్ధతి మార్పించాం. వచ్చిన ప్రతి మాటా లోపలి గదిలో పడుతుంది. ఆ గదికి పాస్‌వర్డ్ ఉంటుంది. నేను ఒక్కదాన్నే తెరుస్తాను, కాగితం మీద అచ్చు తీసి, ఎవరికి చెందిందో వాళ్లకే చాచా చేత కబురు పెడతాను. ఆ గదిని మేం ఆఫీసు అనేవాళ్లం. "ఆఫీసు తెరిచినవా బేటీ?" అని చాచా కింది నుంచే కేకేసేవాడు.

అప్పట్లో కామారెడ్డిలో నెట్టు కలవాలంటే హైదరాబాదుకు ఎస్టీడీ కాల్ కలిసినట్టే కలవాలి. మోడెం కుయ్యోమొర్రోమని అరిచి, పదిసార్లలో నాలుగుసార్లు కలిసేది. అయినా ఏడాదిలో తొమ్మిదిమంది జాడ దొరికింది. సార్‌కు మాత్రం అది నచ్చేది కాదు. "ఇది సెంటరా, సత్రమా?" అనేవాడు. ఏదో ఒక వంక దొరికితే మూసేయిస్తాడని నాకు తెలుసు.

అలా జాడ కోసం వచ్చేవాళ్లలో ఒకామె ఎల్లారెడ్డి నుంచి వచ్చేది. వయసు ముప్పై లోపే ఉంటుంది. బీడీలు చుట్టి చుట్టి చూపుడు వేలు గోరు అరిగిపోయి ఉండేది. పోచారం కాలువ చివర వాళ్లకు కొంచెం పొలముందట, నీళ్లు అక్కడిదాకా రావట. అందుకే భర్త కట్టుబడి పనికి దుబాయి పోయాడు. ఏడు నెలలుగా ఉత్తరం లేదు. ఆయన పనిచేసిన కంపెనీకి చాచా ఫోను చేస్తే, పారిపోయాడని చెప్పి పెట్టేశారు. కంపెనీని వదిలి, పాస్‌పోర్టు వాళ్ల దగ్గరే ఉండగా, దొంగచాటుగా ఎక్కడో పని చేసుకునేవాళ్లను మా దగ్గర ఖల్లివల్లి అంటారు. అలాంటి మనిషికి ఏమైనా అయితే ఇంటికి చెప్పే దిక్కు ఎవరూ ఉండరు. ఆమె ప్రతి సోమవారం పొద్దున బస్సు దిగి నేరుగా మెట్లెక్కి వచ్చేది. చెప్పులు మెట్ల దగ్గరే విడిచేది. ఎంత చెప్పినా కుర్చీలో కూర్చునేది కాదు.

"ఏమన్న ఖబర్ వచ్చిందా చెల్లె?"

"ఇంక రాలేదక్కా."

"మల్ల వారం వస్త."

అంతే మాట్లాడేది.

ఆ ఏడు ఎండాకాలంలో ఊరికి కొత్త టెలిఫోన్ ఎక్స్చేంజి వచ్చి అందరి నంబర్లూ మారాయి. పాత నంబరు తిప్పితే టేపు గొంతు ఏదో చెప్పి ఆగిపోయేది. సైటు మీద చాచా నంబరు మార్చాలి. అన్నకు చెబితే అయ్యే పని. కానీ నాకు చేతనవుతుందనిపించింది. నంబరు ఉన్న ఫైలే లోపలి గది తాళం కూడా చూసుకునే ఫైలు. ఒక బుధవారం మధ్యాహ్నం ఆ ఫైలు దించుకుని, నంబరు దిద్ది, తిరిగి పంపిస్తున్నాను. సగం వెళ్లింది. కరెంటు పోయింది.

మా దగ్గర కరెంటు పోవడం వింతేమీ కాదు. బ్యాటరీ పెట్టె ఉండేది గానీ అది ఎప్పుడో చచ్చిపోయింది. రెండు గంటల తర్వాత కరెంటు వచ్చాక కంప్యూటర్ పెడితే, నేను దిద్దిన ఫైలు ఖాళీగా ఉంది. పేరుంది, లోపల ఒక్క అక్షరం లేదు. నెట్టు కలిపి చూశాను. బయటి పేజీ బాగానే వచ్చింది, పేర్లన్నీ ఉన్నాయి, ముందే తయారై ఉన్న పేజీ కాబట్టి పాత ఫోను నంబరూ అలాగే ఉంది. లోపలి గది నొక్కితే తెల్లటి పేజీ మీద ఇంటర్నల్ సర్వర్ ఎర్రర్ అని రెండు వరుసల నల్లటి అక్షరాలు.

నా దగ్గర ఒక ఫ్లాపీలో పాత ప్రతి ఒకటి ఉంది. అన్న మొదట్లో ఇచ్చినది. దాన్ని పంపాను. తెల్లటి పేజీ పోయి పాస్‌వర్డ్ అడిగే పేజీ వచ్చింది. ప్రాణం లేచొచ్చినట్టయింది. పాస్‌వర్డ్ కొట్టాను. తప్పు అంది. మళ్లీ కొట్టాను. తప్పు. ఆ పాత ప్రతి కాలంలో పాస్‌వర్డ్ వేరే ఉండేదని, అన్న దాన్ని మార్చాడని గుర్తొచ్చింది. ఆ పాతది ఏమిటో గుర్తు రాలేదు. తోచినవన్నీ కొట్టాను. కొన్నిసార్ల తర్వాత ఆ పేజీ కూడా పోయింది. ఇక మీకు ప్రవేశం లేదు, నిర్వాహకుణ్ని సంప్రదించండి అని ఇంగ్లిష్‌లో వచ్చింది. ఫైళ్లు పంపే దారి కూడా మూసుకుపోయింది.

అప్పుడొక పని చేశాను. బయటి డబ్బాలో "పరీక్ష" అని రాసి పంపాను. మీ మాట చేరింది, ధన్యవాదాలు అని వచ్చింది. అంటే డబ్బా పనిచేస్తూనే ఉంది. ఎవరు ఏం రాసినా లోపల పడుతూనే ఉంటుంది. తీయడానికే లేదు.

అన్న ఇచ్చిన నంబరుకు ఫోను చేశాను. అతను అక్కడి అద్దె గది ఖాళీ చేశాడని ఎవరో చెప్పారు. ఎక్కడికి పోయాడో తెలియదన్నారు. సార్‌ను అడిగితే దొరుకుతాడు. కానీ అడిగితే ఎందుకని అంటాడు. చెప్తే సైటూ పోతుంది, నా ఉద్యోగమూ పోతుంది. అన్న పాత చిరునామాకు ఒక కవరు రాసి పోస్టులో వేశాను. వేసి, పని అయిపోయినట్టే అనుకున్నాను. చాచాకు కూడా చెప్పలేదు. ఆయన కింది నుంచి "ఆఫీసు తెరిచినవా?" అంటే, "తెరిచిన చాచా, ఏం లేవు" అన్నాను. మొదటి రోజు ఆ మాట అనే ముందు తెర వైపు చూసినట్టు నటించాను. మూడో రోజుకు అలవాటైంది. దాన్ని తలచుకుంటేనే నాకు ఇప్పటికీ నా మీద అసహ్యం కలుగుతుంది.

సోమవారం ఆమె వచ్చింది. మెట్ల దగ్గర చెప్పులు విడిచింది.

"ఏమన్న ఖబర్ వచ్చిందా చెల్లె?"

"రాలేదక్కా."

తెలియదు అని ఉండాల్సింది. రాలేదు అన్నాను.

ఆ వారమంతా పోస్టుమాన్ కోసం చూశాను. కవరుకు జవాబు రాలేదు. రోజుకు రెండుసార్లు నెట్టు కలిపి ప్రవేశం లేదన్న ఆ మాటను చదువుకునేదాన్ని, దానంతట అదే మారుతుందేమోనని. రెండో సోమవారం ఆమె మళ్లీ వచ్చింది. ఈసారి ముఖం వేరుగా ఉంది. రెండు రాత్రులుగా నిద్ర లేదంది. కలలో ఆయన నీళ్లు అడిగాడట.

"ఏమన్న వచ్చిందా?"

"రాలేదక్కా."

ఆమె పోలేదు. నా బల్ల దాకా వచ్చింది. కంప్యూటర్ తెర వైపు వంగి చూసింది.

"ఒక్కపారి నాకు చూపెట్టు చెల్లె. నాకు సదువు రాదు. అయినా చూస్త. నా కండ్లతోని చూస్తే మనసు నిమ్మలమైతది."

నేను తెర ఆపేశాను. "కరెంటు తక్కువుందక్కా, ఖరాబైతది" అన్నాను. పైన ఫ్యాను జోరుగా తిరుగుతోంది. ఆమె ఒకసారి ఫ్యాను వైపు చూసి వెళ్లిపోయింది.

చాచా తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. టైపు చేయాల్సిన కాగితమేదో ఇవ్వడానికి వచ్చినట్టున్నాడు. ఆమె మెట్లు దిగే దాకా ఆగి లోపలికొచ్చాడు.

"ఏమైంది?"

"ఏం లేదు చాచా."

"బేటీ, నేను పన్నెండేండ్లు కరెంటు పని చేసిన. కరెంటు తక్కువున్నదో ఎక్కువున్నదో నాకు చెప్పకు. ఏమైంది?"

అన్నీ చెప్పాను. బుధవారం నుంచి జరిగిందంతా. ఏడుస్తూ చెప్పాను. ఆయన నన్ను తిట్టలేదు. కాలిన చేతిని ఒళ్లో పెట్టుకుని కూర్చుని విన్నాడు. నేను ఆగాక ఒక్కటే అడిగాడు.

"నాకెందుకు చెప్పలే?"

"భయమైంది."

"నాతోనా?"

ఆయన లేచి, "పొద్దున ఫస్టు బస్సుకు హైదరాబాద్ పోదాం. సార్‌కు నేను చెప్త" అన్నాడు. కిందికి పోయి సార్‌కు ఫోను చేసి, అన్న కొత్త పని చోటు ఎక్కడో కనుక్కున్నాడు. రెండు వారాలు నేను చేయలేని పని అది. ఆయనకు అయిదు నిమిషాలు పట్టింది.

సికింద్రాబాద్‌లో దిగి, సిటీ బస్సు మారి అమీర్‌పేట చేరేసరికి పదకొండు దాటింది. అన్న ఒక నాలుగంతస్తుల ఇంటి పైన ఏదో కంపెనీలో చేరాడు. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ ఆగిపోతాయని అందరూ హడావిడి పడుతున్న రోజులు, అక్కడ పగలూ రాత్రీ అదే పని. కిందికి పిలిస్తే వచ్చాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. నా కవరు అందలేదన్నాడు. విని, "పది నిమిషాల పని చెల్లె ఇది, ఒక్క ఫోను కొడితే అయిపోతుండె" అన్నాడు. మందలించినట్టు కూడా అనలేదు, మామూలుగా అన్నాడు.

పక్క సందులో ఒక ఇంటర్నెట్ సెంటర్‌కు తీసుకుపోయాడు. చాచాకు ఒక స్టూలు వేశారు. అన్న తన సొంత పాస్‌వర్డ్‌తో వెనక దారిన వెళ్లి, నేను పంపిన పాత ఫైలు పేరు మార్చి పక్కన పెట్టి, తన దగ్గరి మంచి ప్రతిలో చాచా కొత్త నంబరు వేసి అక్కడ పెట్టాడు. నన్ను ఆపిన జాబితాలోంచి మా పేరు తీసేశాడు. కొత్త పాస్‌వర్డ్ నన్నే కొట్టమని, తను పక్కకు తిరిగాడు. నేను కొట్టాను. ఆఫీసు తెరుచుకుంది.

పద్నాలుగు మాటలున్నాయి. మొదటిది నా "పరీక్ష".

వరసగా కిందికి పోతుంటే ఎల్లారెడ్డి మనిషి పేరు మీద మూడు మాటలు కనబడ్డాయి. మూడూ ఒకే మనిషి రాసినవి. చాచా ఇంగ్లిష్ అక్షరాలు కూడబలుక్కోలేడు. "సదువు" అన్నాడు. చదివాను.

మొదటిది నేను ఫైలు పాడుచేసిన మూడో రోజున వచ్చింది. "నమస్తే. నాది పిట్లం దిక్కు. ఇక్కడ సర్కారు దవాఖానల సఫాయి పని చేస్త. మీ లిస్టుల ఉన్న ఎల్లారెడ్డాయన మా వార్డుల ఉన్నడు. కట్టే బిల్డింగు మీదికెళ్లి పడ్డడు. కాగితాలు లేవు, ఎవ్వరు రాలే. జర జర మాట్లాడ్తున్నడు. వార్డు ఫోను నంబరు కింద రాసిన. సాయంత్రం నాలుగు నుంచి అయిదు దాక నేను ఆడనే ఉంట. భార్యతోని ఫోను చేపియ్యిండ్రి. మీ బూతు నంబరు కలుస్తలేదు."

రెండోది ఆ తర్వాత అయిదు రోజులకు. "ఎవ్వరు ఫోను చెయ్యలే. రోజు నాలుగైతే తలకాయ ఫోను దిక్కు తిప్పుతున్నడు. ఇండియా లైను ఖరాబున్నది, మీ ఇంటామె రోజు చేస్తున్నదంట కలుస్తలేదు అని చెప్పిన. దయచేసి చెయ్యిండ్రి. నా దోస్తు ఒకడు ఆఫీసుల చాయ్ ఇస్తడు, ఆడికొచ్చి గిది రాస్తున్న. రోజు వచ్చుడు కాదు."

మూడోది ఆమె రెండోసారి వచ్చిన సోమవారానికి ముందు రోజు. "నిన్న పానం పోయింది. మార్చురీల పెట్టిండ్రు. ఇంటోళ్లు కాగితం పంపితే ఇండియాకు పంపుతరంట. లేకుంటే ఇక్కడనే బొంద పెడ్తరంట. మీరు సదువుతున్నరో లేదో తెల్వది."

అన్న కుర్చీలోంచి లేచి బయటికి వెళ్లిపోయాడు. చాచా స్టూలు నా పక్కకు జరుపుకున్నాడు. తర్వాత "ఇంకోపారి సదువు" అన్నాడు. మళ్లీ చదివాను. ఈసారి ఆయన నంబర్లు కాగితం మీద రాసుకున్నాడు. పక్కనే ఉన్న బూత్‌కు పోయి దుబాయికి ఫోను చేశాడు. గాజు తలుపు వెనక ఆయన పెదాలు కదలడం చూస్తూ నిలబడ్డాను. బయటికొచ్చి, "నిజమే" అన్నాడు.

మిగతా మాటల్లో బీబీపేట మనిషి గురించి ఒకటుంది. కాగితాలు లేక జైల్లో పడ్డాడని, క్షేమమేనని, రెండు నెలల్లో పంపేస్తారని. తర్వాత దాన్ని నేనే వాళ్లింటికి తీసుకుపోయాను. వాళ్లమ్మ నా రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకుంది, అన్నం తినకపోతే ఒప్పుకోనంది. ముద్ద నోట్లో పెట్టుకున్నాను గానీ మింగలేకపోయాను. ఆమె దాన్ని సిగ్గనుకుంది.

హైదరాబాదు నుంచి వచ్చిన మర్నాడు పొద్దున ఎల్లారెడ్డికి బస్సెక్కాం. నువ్వు రావద్దు, నేను చెప్పి వస్తానని చాచా అన్నాడు. నేను వస్తానన్నాను. ధైర్యంతో కాదు. రాకపోతే, రాలేదని ఎందుకన్నావని అడగడానికి ఆమె వచ్చే సోమవారం మెట్లెక్కి వస్తుంది.

ఆమె ఇంటి అరుగు మీద కూర్చుని బీడీలు చుడుతోంది. ఒళ్లో చాట, చాటలో ఆకులూ తంబాకూ. పక్కన ఇంకో ఇద్దరు ఆడవాళ్లు. మమ్మల్ని ఇద్దర్నీ కలిపి చూడగానే ఆమె చేతులు ఆగిపోయాయి. చాట పక్కన పెట్టింది. నిదానంగా పెట్టింది, ఒక్క ఆకు కూడా కింద పడలేదు.

చాచా ఆమె ముందు నేల మీద కూర్చున్నాడు. "బిడ్డా, నీ ఇంటాయన దవాఖానల ఉండె" అని మొదలుపెట్టాడు. ఉన్నడు అనలేదు, ఉండె అన్నాడు. ఆమెకు అక్కడే అర్థమైంది. పక్కనున్న ఆడవాళ్లు గొల్లుమన్నారు. ఆమె అప్పటికి ఏడవలేదు.

"ఎప్పుడు?" అంది.

"శనివారం."

ఆమె నా వైపు తిరిగింది. "నేను సోమవారం వస్తిని గద చెల్లె. రాలేదంటివి."

చాచా నా బదులు ఏదో చెప్పబోయాడు. నేనే చెప్పాను. నంబరు మార్చబోయి ఆఫీసు పాడుచేశానని, తెరవడం నా వల్ల కాలేదని, లోపల ఏముందో నాకు తెలియదని, తెలియదని చెప్పడానికి బదులు రాలేదని చెప్పానని.

"అంతకుముందు సోమవారం?"

"అప్పుడు బతికే ఉండె అక్కా. మాట్లాడ్తుండె."

"మాట్లాడ్తుండె" అని ఆమె ఆ మాటను తనలో తను అనుకున్నట్టు అంది. తర్వాత అడిగింది. "నేను మాట్లాడొచ్చునా? ఫోన్ల?"

"మాట్లాడొచ్చు. రోజు నాలుగింటికి."

ఆమె గొంతులోంచి వచ్చిన శబ్దాన్ని నేను ఇక్కడ రాయలేను. లోపలి నుంచి ఆమె మరిది వచ్చాడు. ఎవరో విషయం చెప్పారు. అతను నా మీదికి వచ్చాడు, చాచా మధ్యలో నిలబడ్డాడు. ఆమె అతన్ని ఆపింది. నన్ను చూడకుండా, "ఆమెను పొమ్మను చాచా" అంది. "నువ్వుండు. కాగితం సంగతి చెప్పు."

నేను ఎల్లారెడ్డి బస్టాండులో సిమెంటు బల్ల మీద మూడు గంటలు కూర్చున్నాను. చాచా సర్పంచి చేత రాయించాల్సిన కాగితం రాయించి, ఆమె వేలిముద్ర వేయించుకుని వచ్చాడు. ఆ తర్వాత నెల పైనే ఆయన ఆ పని మీద తిరిగాడు. మండలాఫీసు, కలెక్టరాఫీసు, హైదరాబాదు. పిట్లం మనిషికి రోజు విడిచి రోజు ఫోను చేశాడు. టైపు చేయాల్సిన దరఖాస్తులన్నీ నేను చేశాను. ఒక్కో దరఖాస్తులో ఆ మనిషి పేరు ముందు "మృతుడు" అని కొట్టేటప్పుడు వేళ్లు తప్పుగా పడేవి. శవం వచ్చింది. చాచా విమానాశ్రయం నుంచి బండిలో దాంతోనే ఎల్లారెడ్డి పోయాడు. కామారెడ్డి దాటేటప్పుడు బండి మా రోడ్డు మీదుగానే వెళ్లింది. నేను మెట్ల మీద నిలబడి చూశాను. వెళ్లాలో వద్దో చాచాను అడిగితే, "ఇయ్యాల వద్దు" అన్నాడు.

సార్ నన్ను తీసేయలేదు. అదే నాకు వింతగా ఉండేది. "తప్పులు అయితయి, చెప్పాలె" అని మాత్రం అన్నాడు. ఆయన అంత మంచివాడని తెలిసి ఉంటే ముందే చెప్పేదాన్నని అనుకున్నాను. తర్వాత అది కూడా తప్పించుకోవడమే అనిపించింది. ఆయన చెడ్డవాడైనా నేను చెప్పాల్సిందే కదా.

ఆమె వానాకాలంలో ఒకసారి వచ్చింది. సోమవారం కాదు. మెట్ల దగ్గర చెప్పులు విడిచి, లోపలికొచ్చి, ఈసారి కుర్చీలో కూర్చుంది. బొట్టు లేదు. చేతులకు గాజులు లేవు. నేను లేచి నిలబడ్డాను.

"ఆ పిట్లమాయన రాసిన కాగితాలున్నయా?"

ఉన్నాయన్నాను. అచ్చు తీసి దాచినవే. ఇచ్చాను.

"సదువు."

మొదటిది చదివాను. రెండోది చదువుతుంటే ఆపమంది. ఇండియా లైను ఖరాబున్నదని చెప్పిన చోట. మళ్లీ చదవమంది. మళ్లీ చదివాను.

"నేను రోజు చేస్తున్న అని చెప్పిండా ఆయనకు?"

"చెప్పిండట అక్కా."

"అయితే ఆయన, నేను మర్సిపోయిన అనుకోలే."

"అనుకోలే."

ఆమె కొంగుతో కళ్లొత్తుకుంది. వాన మొదలైంది, కింద బట్టల దుకాణం వాళ్లు బయట వేలాడదీసిన చీరలు లోపలికి లాగుతున్న చప్పుడు వినిపించింది. నేను క్షమించమని అడగాలనుకుని వారాల తరబడి మాటలు కూర్చుకుని పెట్టుకున్నాను. నోరు తెరిచాను. ఆమె చెయ్యెత్తి ఆపింది.

"ఆ పిట్లమాయన గూడ జూటే చెప్పిండు, నువ్వు గూడ జూటే చెప్పినవ్" అంది. గొంతులో కోపం లేదు. "ఆయన నా పెనిమిటి కోసం చెప్పిండు. నువ్వు నీ కోసం చెప్పుకున్నవ్. గంతే."

కాగితాలు మడిచి ప్లాస్టిక్ కవరులో పెట్టుకుంది. వాన తగ్గేదాకా ఉండమన్నాను. ఉండలేదు. ఆ తర్వాత ఆమె మళ్లీ మా సెంటర్‌కు రాలేదు. పిట్లం మనిషి సెలవు మీద వచ్చినప్పుడు ఆమె ఆయన్ని ఇంటికి పిలిచి భోజనం పెట్టిందని, ఆయన నోటి నుంచి అన్నీ ఒక్కొక్కటే అడిగి తెలుసుకుందని చాచా చెప్పాడు.

సైటు ఇంకో ఏడాది నడిచింది. కొత్త పాస్‌వర్డ్ నాకు, చాచాకు, సార్‌కు, ముగ్గురికీ తెలుసు. చాచా ఉర్దూలో తన పుస్తకంలో రాసుకున్నాడు. ప్రతి పొద్దున ఆఫీసు తెరిచాకే మిగతా పని. కొన్ని రోజులు నెట్టు కలిసేది కాదు. అలాంటి రోజు ఎవరైనా ఆడమనిషి ఊరి నుంచి వస్తే, "ఇయ్యాల తెరుచుకోలే అక్కా, లోపల ఏమున్నదో నాకు తెల్వది" అని చెప్పేదాన్ని. కొందరికి కోపం వచ్చేది. ఇంత దూరం వస్తే తెలియదంటావేందని ఒకామె నన్ను బాగా తిట్టింది. నిలబడి విన్నాను. సాయంత్రం దాకా ఉంటే మళ్లీ చూస్తానని చెప్పాను. ఆమె ఉంది. సాయంత్రం నాలుగున్నరకు నెట్టు కలిసింది. ఆమె కొడుకు గురించి ఆ రోజు లోపల ఏమీ లేదు. కుర్చీ లాగి ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని, తెర మీద ఆ ఖాళీ పేజీని ఆమెకు చూపించాను.